లోక్‌పాల్, సీవీసీ, సీబీఐ పనితీరును పౌరులే లెక్క చూడటం ఎలా? విశాఖలో మొదలుపెట్టేవాళ్లకి పూర్తి మార్గదర్శి

లంచం అడిగితే ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో చాలామందికి తెలుసు. ఆ ఫిర్యాదులు తీసుకునే సంస్థలు తమ పని తాము చేస్తున్నాయా లేదా, అది తెలుసుకోడానికి పద్ధతేమిటి అని ఈమధ్య అడుగుతున్నవాళ్లు బాగా పెరిగారు. రిటైరైన పీఎస్‌యూ ఉద్యోగులు, లా చదువుతున్న పిల్లలు, కాలనీ సంఘాలవాళ్లు. విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

అధికారి దొరికిపోయిన రోజు పేపర్లో ఫొటో వస్తుంది, అందరం చూస్తాం. ఆ తర్వాత ప్రాసిక్యూషన్‌కి, అంటే కోర్టులో కేసు నడపడానికి, అనుమతి వచ్చిందా, చార్జిషీటు పడిందా, కోర్టులో ఎన్ని వాయిదాలు నడిచాయి, చివరికి శిక్ష పడిందా, ఇవి మాత్రం దాదాపు ఎవరూ అడగరు. మనం చేసే పని ఆ "తర్వాత" ఏం జరిగిందో రాసిపెట్టుకోవడం. అదీ ఆ సంస్థల సొంత కాగితాల్లోంచే, ప్రతి ఏడాదీ అవే ప్రశ్నలతో.

1. మీది ఫిర్యాదా, పర్యవేక్షణా? ముందు అది తేల్చుకోండి

ఈ రెండూ కలిపేసి రెండూ చెడగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

మిమ్మల్ని ఎవరైనా లంచం అడిగితే అది ఫిర్యాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే ఏసీబీకి (రాష్ట్ర అవినీతి నిరోధక శాఖ) ఫోన్ చెయ్యొచ్చు. కేంద్ర ఉద్యోగి అయితే సీబీఐ అవినీతి నిరోధక విభాగం, దాని బ్రాంచి విశాఖలోనే ఉంది. బలవంతం మీద ఇప్పటికే ఇచ్చేసి ఉంటే 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి, చెప్తే ఇచ్చినవాళ్లకి అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద రక్షణ ఉంటుంది. ఈ గడువు సంగతి 2018 సవరణలో వచ్చింది, చాలామందికి తెలీదు.

పర్యవేక్షణలో మీ సొంత కేసు ఉండకూడదు. ఉంటే ఆ సంస్థ మీ నివేదిక మొత్తాన్ని "వ్యక్తిగత కక్ష" అని పక్కన పడేస్తుంది, పత్రికలు కూడా నమ్మవు. మీ కేసు ఒకచోట నడుస్తుంటే ఆ సంస్థ లెక్క చూసే పని జట్టులో ఇంకొకరికి ఇవ్వండి.

2. ఏ సంస్థ మీద కన్నెయ్యాలి

అన్నింటి మీదా ఒకేసారి పడకండి. మొదటి ఏడాది ఒకటి, మహా అయితే రెండు. ఎవరి పరిధి ఎంతో తెలియకపోతే మొదటి ఉత్తరమే తప్పు చోటికి వెళ్తుంది, అందుకే విశాఖ లెక్కలో చెప్తాను.

- సీవీసీ (కేంద్ర విజిలెన్స్ కమిషన్): కేంద్ర సంస్థల్లో అవినీతి మీద నిఘా పెట్టేది. 1964లో పెట్టారు, 2003 చట్టంతో చట్టబద్ధత వచ్చింది. స్టీల్ ప్లాంట్, పోర్టు, హెచ్‌పీసీఎల్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, ప్రభుత్వ బ్యాంకులు, రైల్వే, కస్టమ్స్ దీని పరిధిలోకే వస్తాయి. ఇలాంటి సంస్థల్లో ఛీఫ్ విజిలెన్స్ ఆఫీసర్, అంటే సీవీవో, ఉంటారు. నా దృష్టిలో మన ఊరివాళ్లకి అన్నిటికంటే అందుబాటులో ఉన్న తలుపు సీవీవో ఆఫీసే.
- లోక్‌పాల్: పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల మీద కూడా అవినీతి ఫిర్యాదులు తీసుకుని విచారించే సంస్థ. 2013 చట్టం, 2014 జనవరి 16 నుంచి అమలు. ఛైర్‌పర్సన్, గరిష్ఠంగా ఎనిమిది మంది సభ్యులు. కేంద్ర మంత్రులు, ఎంపీలు, కేంద్ర ఉద్యోగులు దీని పరిధి.
- సీబీఐ: దర్యాప్తు చేసేది. అవినీతి కేసుల్లో దీని మీద పర్యవేక్షణ అధికారం సీవీసీది.
- ఏసీబీ, లోకాయుక్త: రాష్ట్రానికి సంబంధించినవి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), రెవెన్యూ, రిజిస్ట్రేషన్ ఆఫీసులు ఇక్కడికి వస్తాయి.

జీవీఎంసీ టౌన్‌ప్లానింగ్ గురించి సీవీసీకి రాసినా, పోర్టు గురించి ఏసీబీకి రాసినా ఉపయోగం లేదు. తిప్పి పంపుతారు, లేదంటే ఫైల్ మూసేస్తారు.

కొత్తవాళ్లకి నా సలహా: సీవీసీని, దాని కింద విశాఖలోని ఒకే ఒక్క సంస్థ సీవీవోని తీసుకోండి. ఢిల్లీ కాగితం, ఇక్కడి కాగితం పక్కపక్కన పెట్టి చూసే వీలు అక్కడే ఎక్కువ.

3. జట్టు

నలుగురైదుగురు చాలు. ఎక్కువమందైతే వాట్సాప్ గ్రూపు మిగులుతుంది, పని మిగలదు.

- ఆఫీసు ఫైళ్లు, నోట్‌షీట్లు ఎలా నడుస్తాయో తెలిసిన ఒక రిటైర్డ్ ఉద్యోగి. ఉక్కునగరం, గాజువాక చుట్టుపక్కల ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.
- సెక్షన్లు చదివి అర్థం చెప్పగల ఒకరు. ఏయూ అంబేద్కర్ లా కాలేజీలోనో, సబ్బవరం దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో చదువుతున్న పిల్లల్ని అడగండి, చాలామంది సంతోషంగా వస్తారు.
- ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు ఒకరు.
- తెలుగులో, ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా ఉత్తరం రాయగలిగినవాళ్లు ఒకరు.

మొదటిరోజే అందరూ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి: నేను ఏ పార్టీలో ఉన్నాను, ఈ సంస్థలో నాకు కాంట్రాక్టు ఉందా, బంధువులు పనిచేస్తున్నారా, నా మీద గానీ నేను వేసినవి గానీ కేసులు ఉన్నాయా. తెలిసినవాళ్ల మధ్య ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెయ్యండి. రేపు ఎవరైనా "మీ వెనక ఎవరున్నారు" అని అడిగితే ఆ కాగితాలు చూపించొచ్చు.

సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల్ని జట్టులోకి లాగకండి. ప్రవర్తనా నియమావళి వాళ్లకి అడ్డొస్తుంది, ఉద్యోగానికే ఎసరు రావచ్చు.

డబ్బు వసూళ్లు వద్దు. ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు రుసుము, జిరాక్సులు, పోస్టు ఖర్చు జేబుల్లోంచి పెట్టుకునేంతే ఉంటాయి.

4. ప్రశ్నల పట్టిక తయారుచెయ్యండి, తర్వాత మార్చకండి

ఇది ఈ పని మొత్తానికీ వెన్నెముక. మీకు కోపం తెప్పించిన విషయాల మీద ప్రశ్నలు తయారుచేస్తే ఏడాదికోసారి మారిపోతాయి, ఏ ఏడాదినీ మరో ఏడాదితో పోల్చలేరు. 2012లో జకార్తాలో అవినీతి నిరోధక సంస్థల కోసం 16 సూత్రాలు రాసుకున్నారు, నియామకాలు, పదవీ భద్రత, నిధులు, జవాబుదారీతనం లాంటివి. మన దేశం 2011లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడికలోనూ 6, 36 అధికరణలు ఈ సంస్థల స్వతంత్రత గురించి, 13వ అధికరణ పౌర సమాజం పాత్ర గురించి చెప్తాయి. వాటిని పునాదిగా పెట్టుకుని డజను ప్రశ్నలు దాటకుండా పట్టిక రాసుకోండి. నేనైతే ఇవి పెడతాను:

☐ అధిపతి, సభ్యుల పోస్టుల్లో ఎన్ని ఖాళీ? ఎన్ని రోజులుగా?
☐ ఎంపిక కమిటీ ఎప్పుడు కూర్చుంది? ప్రకటన ఇచ్చారా?
☐ మంజూరైన సిబ్బంది ఎంత, ఉన్నది ఎంత? డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు ఎందరు?
☐ బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, నిజంగా ఖర్చయింది ఎంత?
☐ ఏడాది మొదట్లో ఉన్న ఫిర్యాదులు, కొత్తగా వచ్చినవి, పరిష్కరించినవి, చివర్లో మిగిలినవి?
☐ పరిష్కరించినవాటిలో విచారణ దాకా వెళ్లినవి ఎన్ని? విచారణ లేకుండా మూసినవి ఎన్ని, ఏ కారణంతో?
☐ చట్టంలో ఉన్న గడువు దాటిన కేసులు ఎన్ని?
☐ ప్రాసిక్యూషన్ అనుమతి కోసం ఆగినవి ఎన్ని? మూడు నెలలు దాటినవి ఎన్ని?
☐ కోర్టులో తేలినవి, శిక్ష పడినవి, వీగిపోయినవి?
☐ సంస్థ ఇచ్చిన సలహాని శాఖలు పాటించని సందర్భాలు?
☐ వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకి ఎన్ని నెలల ఆలస్యంగా వచ్చింది?

మొదటి ప్రశ్న చూడ్డానికి చిన్నదే. లోక్‌పాల్ విషయంలో మాత్రం అసలు కథంతా అక్కడే ఉంది. చట్టం 2014లో అమల్లోకి వస్తే మొదటి ఛైర్‌పర్సన్ జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ నియామకం 2019 మార్చిలో జరిగింది. ఆయన 2022 మేలో దిగిపోయాక జస్టిస్ ఖాన్విల్కర్ వచ్చేది 2024 మార్చిలో. మధ్యలో ఇంచుమించు రెండేళ్లు తాత్కాలిక ఛైర్‌పర్సన్‌తోనే నడిచింది. ఎంపిక కమిటీలో ఉండాల్సిన ప్రతిపక్ష నాయకుడు లేకపోయినా నియామకం చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లోనే చెప్పాక కూడా ఇంత ఆలస్యం. ఖాళీ రోజులు లెక్కపెట్టడం ఎవరైనా చెయ్యగల పని, దాన్ని ఎవరూ కాదనలేరు.

5. ఆర్టీఐ కన్నా ముందు బయట ఉన్న కాగితాలు చదవండి

పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కొనేముందు ఇంట్లో కూర్చుని చేసే పని ఇది. మీ పట్టికలో చాలా గడులు దీంతోనే నిండుతాయి.

సీవీసీ వార్షిక నివేదిక దాని వెబ్‌సైట్లోనే ఉంటుంది. అందులో మొదట వెనకవైపు అనుబంధాలు చూడండి, ముందుమాట తర్వాత. సీబీఐ దర్యాప్తు చేసి కోర్టుల్లో నడుస్తున్న అవినీతి కేసుల్ని ఎన్నేళ్లుగా ఉన్నాయో విడగొట్టి చూపిస్తారు, 20 ఏళ్లు దాటినవి కూడా విడిగా కనిపిస్తాయి. కమిషన్ సలహాని పక్కనపెట్టిన శాఖల గురించి కూడా ఇందులో రాస్తారు. మీరు ఎంచుకున్న సంస్థ పేరు ఉందేమో వెతకండి.

లోక్‌పాల్ తన దగ్గర పెండింగ్‌లో ఉన్న, పరిష్కరించిన ఫిర్యాదుల సంఖ్యని వెబ్‌సైట్లో పెట్టాలని చట్టం 20వ సెక్షన్‌లోనే ఉంది. పెట్టిన ప్రతిసారీ పీడీఎఫ్ దించి దాచుకోండి.

తర్వాత పార్లమెంటు. సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయ వ్యవహారాల స్థాయీ సంఘం సిబ్బంది వ్యవహారాల శాఖ పద్దుల మీద ఇచ్చే నివేదికలో సీబీఐ, సీవీసీ, లోక్‌పాల్ ఖాళీలు, నిధులు వస్తాయి. లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నలకి మంత్రులిచ్చిన జవాబులు కూడా వెతికి చూడొచ్చు. ఈ జవాబులు బంగారం, ఎందుకంటే సభలో చెప్పిన అంకెని మళ్లీ కాదనడం ఏ ఆఫీసుకీ కుదరదు.

చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు.

ఒకటి, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూసినట్టే కూడికలు చూడండి: మొదట్లో ఉన్నవి, వచ్చినవి కలిపి, తేలినవి తీసేస్తే చివరి లెక్క రావాలి. రాకపోతే అదే మీ మొదటి ఆర్టీఐ ప్రశ్న.

రెండు, "పరిష్కరించాం" అన్న మాటని ఉన్నపళంగా నమ్మకండి. సీవీసీ లెక్కలో "తగిన చర్య కోసం సంబంధిత శాఖకి పంపాం" అన్నది కూడా పరిష్కారమే. లోక్‌పాల్ దగ్గరికి వచ్చేవాటిలో నిర్ణీత ఫారంలో లేవని పక్కనపెట్టేవి చాలా ఎక్కువ. నిజమైన ఫిర్యాదుల్ని ఫారం పేరుతో తిరస్కరించొద్దని స్థాయీ సంఘం 2023లో చెప్పాల్సి వచ్చింది. అందుకే పట్టికలో "పరిష్కారం" ఒక్క గడిగా పెట్టకండి, కనీసం నాలుగుగా విడగొట్టండి: విచారణకి పంపినవి, శాఖకి పంపేసినవి, ఫారం సరిగ్గా లేదని మూసినవి, పరిధిలో లేవని మూసినవి.

6. ఇప్పుడు ఆర్టీఐ

బయట దొరకని గడులకే దరఖాస్తు. కేంద్ర సంస్థలకైతే ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్లో ఇంటినుంచే పెట్టొచ్చు, రుసుము 10 రూపాయలు. కాగితం మీద పెడితే పోస్టల్ ఆర్డర్ అకౌంట్స్ ఆఫీసర్ పేరు మీద తీసుకోవాలి. కాపీలకి పేజీకి 2 రూపాయలు. ఫైల్ కళ్లతో చూడ్డానికి మొదటి గంట ఉచితం, తర్వాత గంటకి 5 రూపాయలు. 2012 నిబంధనల ప్రకారం దరఖాస్తు మామూలుగా 500 పదాలు దాటకూడదు.

"ఎందుకు చర్య తీసుకోలేదు?" అని అడిగితే జవాబు రాదు. ఎందుకు, ఎలా అన్నవి ఆ చట్టంలో సమాచారం కిందికి రావని కొట్టేస్తారు. ఉన్న రికార్డుని, సంఖ్యని, తేదీని అడగాలి. ఇలా:

"2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మీ సంస్థ ఉద్యోగులపై ప్రాసిక్యూషన్‌కు అనుమతి కోరుతూ సీబీఐ నుంచి వచ్చిన వినతుల సంఖ్య. ప్రతి వినతికి: అందిన తేదీ, నిర్ణయం తీసుకున్న తేదీ, నిర్ణయం ఏమిటి. ఉద్యోగుల పేర్లు, హోదాలు అవసరం లేదు."

ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. 2023 డేటా రక్షణ చట్టం ఆర్టీఐలోని 8(1)(జే)ని మార్చేశాక వ్యక్తిగత సమాచారం అనే సాకు ఇంకా తేలికైపోయింది. పేర్లే అడగకపోతే ఆ సాకుకి చోటుండదు. మన పనికి పేర్లు అక్కర్లేదు కూడా.

సీబీఐ దగ్గర ఇంకో అడ్డంకి ఉంది. 2011లో దాన్ని ఆర్టీఐ 24వ సెక్షన్ మినహాయింపు జాబితాలో, అంటే ఆ చట్టం వర్తించని సంస్థల్లో, చేర్చారు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకి సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షన్ చెప్తుంది, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అయినా సీబీఐ మొదటి జవాబు తిరస్కరణే అనుకుని సిద్ధంగా ఉండండి. అంతకన్నా దగ్గర దారి ఒకటుంది: అదే సమాచారం ఇంకెవరి దగ్గర ఉందో చూడటం. ప్రాసిక్యూషన్ అనుమతి ఇవ్వాల్సింది ఉద్యోగిని తొలగించే అధికారం ఉన్న సంస్థే. అంటే పోర్టు ఉద్యోగి ఫైల్ పోర్టులో ఉంటుంది, స్టీల్ ప్లాంట్ ఉద్యోగిది స్టీల్ ప్లాంట్‌లో. అక్కడ అడగండి, 24వ సెక్షన్ వాళ్లకి వర్తించదు.

"దర్యాప్తు నడుస్తోంది కాబట్టి ఇవ్వలేం" అని 8(1)(హెచ్) చూపిస్తే, దర్యాప్తు ఉన్నంత మాత్రాన సరిపోదు, సమాచారం ఇస్తే అది ఎలా దెబ్బతింటుందో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో అన్నది అప్పీలులో రాయండి. కొంత ఇవ్వకూడనిదైతే మిగతాది విడదీసి ఇవ్వమని 10వ సెక్షన్ కింద అడగండి.

గడువులు గోడమీద రాసిపెట్టుకోండి, ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు:

☐ జవాబుకి 30 రోజులు.
☐ వేరే ఆఫీసుకి బదిలీ చెయ్యాలంటే వాళ్లకి 5 రోజులు.
☐ జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. రుసుము లేదు.
☐ దాని మీద నిర్ణయం 30 రోజుల్లో, గరిష్ఠంగా 45.
☐ ఆ తర్వాత 90 రోజుల్లోగా రెండో అప్పీలు.

కేంద్ర సంస్థ అయితే రెండో అప్పీలు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కే. ఆఫీసు విశాఖలో ఉంది కదా అని రాష్ట్ర కమిషన్‌కి పంపితే నెలలు పోతాయి. సమాచారం ఇవ్వని అధికారికి రోజుకి 250, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వెయ్యమని రెండో అప్పీలులోనే అడగండి. రెండో అప్పీలు తేలడానికి చాలాకాలం పడుతుంది, దానికోసం నివేదిక ఆపకండి. ఆ గడిలో "అడిగాం, ఇవ్వలేదు, అప్పీలు ఫలానా తేదీన వేశాం" అని రాయండి. ఖాళీ గడి కూడా సమాచారమే.

7. కోర్టులో కేసు వెంట నడవండి

ఇది అందరూ వదిలేసే అంచె. నాకు మాత్రం చాలా ముఖ్యమైనది ఇదే.

విశాఖలో సీబీఐ ప్రత్యేక కోర్టు, ఏసీబీ ప్రత్యేక కోర్టు రెండూ ఉన్నాయి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో జిల్లా ఎంచుకుని, చట్టం పేరుతో వెతికే చోట అవినీతి నిరోధక చట్టం పెడితే నడుస్తున్న కేసులు వస్తాయి. ప్రతి కేసుకీ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, అది రాసిపెట్టుకుంటే తర్వాతి వాయిదాలు ఫోన్లోనే చూడొచ్చు. సీబీఐ తన ఎఫ్ఐఆర్‌లు వెబ్‌సైట్లో పెడుతుంది, అక్కడి నుంచి మొదలుపెట్టి కోర్టుదాకా ఒకే వరసలో రాయండి:

☐ నేరం జరిగిందన్న తేదీ, ఎఫ్ఐఆర్ తేదీ
☐ 17ఏ సెక్షన్ కింద ముందస్తు అనుమతి అడిగారా, ఎన్నాళ్లకి వచ్చింది
☐ ప్రాసిక్యూషన్ అనుమతి తేదీ
☐ చార్జిషీటు, అభియోగాల నమోదు తేదీలు
☐ వాయిదాలు ఎన్ని, ప్రతిదానికీ కారణం
☐ అడ్డం తిరిగిన సాక్షులు ఎందరు
☐ తీర్పు, అప్పీలు

17ఏ గురించి ఒక మాట. అవినీతి నిరోధక చట్టంలోకి 2018 సవరణతో వచ్చింది. అధికారిగా తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలుపెట్టాలంటేనే ముందు అనుమతి కావాలి, అనుమతి ఇచ్చేవాళ్లకి మూడు నెలలు, ఇంకో నెల పొడిగింపు. అక్కడికక్కడ లంచం తీసుకుంటూ పట్టుబడితే అవసరం లేదు. దీని ఫలితం మీ పట్టికలో చూసుకోండి: చిన్న ఉద్యోగుల ట్రాప్ కేసులు ఎన్ని, పెద్ద టెండర్ల నిర్ణయాల మీద కేసులు ఎన్ని. ఆ రెండు వరసలు పక్కపక్కన పెడితే చాలా విషయం తెలుస్తుంది.

విచారణ రెండేళ్లలో ముగించే ప్రయత్నం చెయ్యాలని, పొడిగింపులతో కలిపి మామూలుగా నాలుగేళ్లు దాటకూడదని అవినీతి నిరోధక చట్టం 4వ సెక్షన్ చెప్తుంది. మీ పట్టికలో నాలుగేళ్లు దాటినవి ఎర్రరంగులో పెట్టండి.

కోర్టు హాల్లో మామూలుగా ఎవరైనా కూర్చోవచ్చు. ఫోన్ ఆపెయ్యండి, రికార్డింగ్, ఫొటోలు అసలు వద్దు. నోట్‌బుక్, పెన్ను చాలు. సాక్షులతో మాట్లాడకండి, లాయర్ని కారిడార్లో ఆపి "ఏమైంది సార్" అని అడగకండి. మౌనంగా కూర్చోండి, తేదీ రాసుకోండి, బయటికి రండి.

8. అంకెకి ఆధారం లేకపోతే ఆ అంకె లేనట్టే

ఎక్సెల్‌లో ప్రతి అంకె పక్కన నాలుగు గడులు ఉండాలి: ఏ పత్రం, ఏ పేజీ, ఎప్పుడు దించాం, ఎవరు సరిచూశారు. ఎక్కించినవాళ్లు, సరిచూసినవాళ్లు ఒకరే కాకూడదు. వెబ్‌సైట్లు మారిపోతుంటాయి, లింకు ఇచ్చి వదిలెయ్యకండి, ఫైల్ దించి ఇద్దరి దగ్గర దాచండి.

ఇక్కడ తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు:

క్యాలెండర్ ఏడాది, ఆర్థిక ఏడాది కలిపెయ్యడం. రెండు సంస్థల లెక్కలు వేర్వేరు ఏడాదుల్లో ఉండొచ్చు. ప్రతి వరసకీ మొదలు తేదీ, చివరి తేదీ రాయండి.

పేపర్ వార్తని ఆధారంగా పెట్టడం. వార్త దారి చూపిస్తుంది, అంతే. దాని వెనకున్న అసలు పత్రం దొరికేదాకా అంకె ఎక్కించకండి.

శిక్షల శాతం తప్పు లెక్క. శిక్ష పడినవాటిని, ఆ ఏడాది తేలిన కేసులతో భాగించాలి. పెట్టిన కేసులతో భాగించకూడదు. ఈ ఒక్క పొరపాటుతో నివేదిక మొత్తం నవ్వులపాలవుతుంది.

తక్కువ కేసులంటే అవినీతి లేదనో, ఎక్కువంటే సంస్థ గొప్పదనో తీర్పివ్వడం. రెండూ తప్పే. సిబ్బంది లేక కేసులు తగ్గొచ్చు. అంకెల పక్కన ఖాళీల వరస పెట్టి, రెండూ కలిపి చదవండి.

9. బయటపెట్టేముందు వాళ్లకి చూపించండి

ముసాయిదా తయారయ్యాక సంస్థకి పంపండి. "ఇందులో తప్పున్న అంకెలు 15 రోజుల్లో తెలియజేయగలరు, మీ స్పందన యథాతథంగా చేరుస్తాం" అని మర్యాదగా ఒక ఉత్తరం జత చెయ్యండి. చాలామంది కుర్రాళ్లకి ఇది నచ్చదు, ముందే చెప్పడం ఎందుకంటారు. మన లెక్కలో తప్పుంటే అది వాళ్ల నోట ముందే రావడం మేలు. స్పందించకపోతే ఉత్తరం అందిన రసీదు తేదీతో సహా ఆ సంగతీ నివేదికలో పెట్టండి.

రాసేటప్పుడు:

☐ నిందితుణ్ని దోషి అనకండి. "ఆరోపణలు ఎదుర్కొంటున్న" అనండి.
☐ వ్యక్తుల పేర్లు అవసరం లేని చోట తీసెయ్యండి. మన పరిశీలన సంస్థ గురించి.
☐ ఉద్దేశాలు అంటగట్టకండి. "కావాలని తొక్కిపెట్టారు" కాదు, "అనుమతికి 14 నెలలు పట్టింది, చట్టం చెప్పేది మూడు నెలలు" అని రాయండి.
☐ పరువునష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. బయటపెట్టేముందు లాయరుకి ఒకసారి చూపించండి.
☐ బాగా చేసినదాన్ని కూడా రాయండి. సీవీవో ఆఫీసు గడువులోపల జవాబిస్తే ఆ మాట చెప్పాలి.

మన ఊళ్లోనే మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ గారు ప్రభుత్వాలకి ఏళ్లుగా బహిరంగ లేఖలు రాస్తున్నారు. అవి దొరికితే చదవండి. ఎవరికి రాయాలో వాళ్లకే, ఏ చట్టమో చెప్పి, ఏం చెయ్యాలో అడిగి రాయడం ఎలాగో తెలుస్తుంది.

10. మీ క్షేమం

ఆర్టీఐ అడిగినవాళ్ల మీద దాడులు జరిగిన దేశం మనది. 2010లో అమిత్ జెఠ్వాని గుజరాత్ హైకోర్టు ఎదుటే కాల్చి చంపారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, తేలిగ్గా తీసుకోవద్దని చెప్తున్నాను. ఫిర్యాదుదారుల రక్షణకి 2014లో చట్టం చేశారు కానీ దాన్ని అమల్లోకి తేలేదు.

ఒకే వ్యక్తి పేరు మీద అన్ని దరఖాస్తులూ పెట్టకండి. వచ్చిన ప్రతి జవాబూ ఆరోజే అందరి దగ్గరా ఉండాలి, కాగితం ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరి మీదే ఒత్తిడి వస్తుంది. దరఖాస్తులో కారణం చెప్పక్కర్లేదు, ఫోన్ చేసి "ఎందుకడుగుతున్నారు" అంటే 6(2) సెక్షన్ గుర్తుచేసి ఊరుకోండి. బెదిరింపు వస్తే టెన్షన్ పడి ఒక్కరే మోయకండి, అదేరోజు జట్టుకి చెప్పి పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వండి.

లోపలి ఉద్యోగి ఎవరైనా మీకు కాగితం ఇవ్వబోతే తీసుకోకండి. ప్రజాప్రయోజన వెల్లడి కింద సీవీసీకి నేరుగా రాసే దారి వాళ్లకి చూపించండి: మూసిన కవరు, దానిమీద "ప్రజాప్రయోజన వెల్లడి కింద ఫిర్యాదు" అని మాత్రమే రాసి, పేరు, చిరునామా లోపలి ఉత్తరంలోనే పెట్టాలి. పేరు లేని ఉత్తరాల్ని సీవీసీ పట్టించుకోదు. ఈ దారిలో వెళ్తే పేరు గోప్యంగా ఉంచుతుంది.

11. ఏడాది పొడుగునా ఏది ఎప్పుడు

- ఫిబ్రవరి: బడ్జెట్ పత్రాల్లోంచి సంస్థకి ఇచ్చిన నిధుల వరస ఎక్కించండి.
- మార్చి, ఏప్రిల్: స్థాయీ సంఘం పద్దుల నివేదిక. ఖాళీల వరస.
- మే, జూన్: ఆర్టీఐలు. ఆర్థిక ఏడాది ముగిసింది కాబట్టి "లెక్కలు ఇంకా సిద్ధం కాలేదు" అనే వీలు తక్కువ.
- జూలై నుంచి సెప్టెంబర్: మొదటి అప్పీళ్లు, కోర్టు పట్టిక, కొత్తగా వచ్చిన వార్షిక నివేదికలు.
- అక్టోబర్ చివర: ముసాయిదా సంస్థకి. సరిగ్గా అప్పుడే విజిలెన్స్ అవగాహన వారోత్సవాలు వస్తాయి, సంస్థలు ప్రతిజ్ఞలు, ర్యాలీలు, వ్యాసరచన పోటీలు పెడతాయి. వెళ్లండి. సీవీవో వేదిక మీదుంటారు, మీ పట్టికలో మిగిలిపోయిన రెండు ప్రశ్నలు చేత్తో రాసుకెళ్లి ఇవ్వండి.
- డిసెంబర్ 9: అంతర్జాతీయ అవినీతి వ్యతిరేక దినం. నివేదిక ఆరోజు బయటపెడితే పత్రికలు చోటిస్తాయి. ముందు పేజీలో ఒకే ఒక్క పట్టిక, మూడు అంకెలు. మిగతాదంతా వెనక.

కాపీలు ఎంపీకి, స్థాయీ సంఘం సచివాలయానికి, సీవీసీకి, సీవీవోకి పంపండి. ఎంపీకి పంపే కాపీతో సభలో అడగడానికి వీలుగా రాసిన రెండు ప్రశ్నలు జత చెయ్యండి. నివేదిక మొత్తం చదివే తీరిక వాళ్లకి ఉండకపోవచ్చు, సిద్ధంగా ఉన్న ప్రశ్న అయితే అడిగే అవకాశం ఎక్కువ. జనవరిలో అదే ఎక్సెల్ ఫైల్లో కొత్త షీటు తెరిచి, అవే పదకొండు ప్రశ్నలు అతికించి, జవాబురాని గడులన్నీ ముందు వరసలోకి తెచ్చుకోండి. రెండో ఏడాది మొదటి ఆర్టీఐ వాటి గురించే వెయ్యాలి.